చేపలు వచ్చాయి సరే, అవి తింటున్నది ఎక్కడి తిండి?

మీరు అడిగింది ఇదీ: మీ తీరానికి ఎదురుగా సముద్రంలో కాంక్రీటు దిమ్మలు దించారు, మూడు నెలలు తిరక్కుండానే అక్కడ గాలానికి చేప బాగా పడుతోందని పడవల వాళ్లు చెప్తున్నారు, అంటే ఊళ్లో తాతల కాలం నుంచి తెలిసిన పాత రాళ్ల చోటుతో ఇది సమానమైపోయినట్టేనా, రెండు చోట్లా ఆహార జాలకం, అంటే ఏది దేన్ని తిని బతుకుతోందన్న అల్లిక, ఒకటేనా అని. ఈ ప్రశ్న అడిగినందుకు ముందుగా సంతోషం. ఎందుకంటే దిమ్మలు వేసిన చోట చేపల్ని లెక్కపెట్టేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ చేపలు ఏం తిని బతుకుతున్నాయో అడిగేవాళ్లు తక్కువ.

నాది భీమిలి పక్కన ఊరు. పదకొండేళ్లుగా అమెరికాలో, గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఉత్తర తీరాన, అలబామా వైపు ఇదే పని చేస్తున్నాను. చేప కండలోంచి చిన్న ముక్క తీసి, అది ఏ తిండి మీద పెరిగిందో రాబట్టడం. కాబట్టి ఎక్కువగా అక్కడి సంగతులే చెప్తాను, మన తీరం గురించి చివర్లో వస్తాను.

మూడు నెలల్లో చేప పడుతోందంటే దాని అర్థం అక్కడ తిండి పుట్టిందని కాదు. కొత్త కాంక్రీటు నీళ్లలో దిగాక మొదట బ్యాక్టీరియా జిగురు పొర పడుతుంది, ఆ తర్వాత వారాల్లో బార్నకిల్స్ (గట్టిగా అతుక్కుపోయే చిన్న గుల్ల జీవులు), హైడ్రాయిడ్లు (చిన్న కొమ్మల్లాంటి జీవులు), సన్న నాచు పడతాయి, ఆల్చిప్పలు, గొట్టం పురుగులు నిలదొక్కుకోవడానికి నెలలు పడుతుంది, స్పాంజీలు, మెత్తటి పగడాలు బాగా పట్టుకోవాలంటే ఏళ్లు కావాలి. చేప మాత్రం కొన్ని రోజుల్లోనే వచ్చేస్తుంది. వంట ఇంకా పొయ్యి మీదికి ఎక్కకముందే చుట్టాలు వచ్చినట్టు. అంటే తొలి నెలల్లో వచ్చిన చేప నీడ కోసం, ప్రవాహానికి అడ్డు కోసం, పెద్ద చేపల నుంచి దాక్కోవడం కోసం వచ్చింది. తిండి పక్క ఇసుకలోనో, పైన పారే నీళ్లలోనో వెతుక్కుంటోంది.

ఈ తగువు పాతదే. 1989లో జేమ్స్ బోన్‌సాక్ అనే శాస్త్రవేత్త దీన్ని సూటిగా పెట్టాడు. కృత్రిమ రీఫ్ (మీ దిమ్మల్లా మనిషి సముద్రంలో దించిన గట్టు; పాత రాళ్ల చోటులాంటిది సహజ రీఫ్) మీద చేపలు కిక్కిరిసి ఉండటానికి కారణం అంతకుముందు వాటికి ఇల్లు చాలకపోవడమా, లేక చెదురుమదురుగా ఉన్నవి ఒక్కచోటికి చేరడమేనా అని. మొదటిదైతే సముద్రంలో చేపలు పెరిగినట్టు. రెండోదైతే ఉన్న చేపల్ని పట్టుకోవడం తేలికైనట్టు, అంతే. ముప్పై ఏళ్లు దాటినా ఒక్క మాటలో తేలలేదు, తేలదు కూడా, ఎందుకంటే ఒకే దిమ్మ మీద ఒక జాతికి ఒక సమాధానం, ఇంకో జాతికి ఇంకో సమాధానం వస్తుంది. దాన్ని విడదీసి చూపించేది ఆహార జాలకమే.

అలబామా సంగతి చెప్తాను. అక్కడి సముద్రం అడుగు చాలా దూరం ఇసుక, బురద, సహజమైన రాతి గట్లు తక్కువ. 1953లో అక్కడ గాలం వేసేవాళ్లని అద్దెకి తీసుకెళ్లే చార్టర్ పడవల వాళ్లు పాత కార్ల బాడీలు 250 దాకా సముద్రంలో పడేయడంతో ఈ కథ మొదలైంది. తర్వాత కాంక్రీటు పైపులు, పడవలు, 1990ల్లో సైన్యం పాత యుద్ధ ట్యాంకులు కూడా దించారు. పక్కనే లూసియానాలో 1986 నుంచి, పని అయిపోయిన చమురు ప్లాట్‌ఫామ్‌లను పక్కకి పడేసి రీఫ్‌లుగా వదిలేస్తున్నారు. వీటన్నిటి మీదా అందరూ పట్టించుకునేది ఒక్క చేపనే, రెడ్ స్నాపర్.

రెడ్ స్నాపర్ ఏం తింటోందో తెలుసుకోవడం తేలిక అనుకుంటారు, కోసి పొట్ట చూస్తే పోలా అని. ముప్పై నలభై మీటర్ల లోతు నుంచి దాన్ని గబగబా పైకి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బిపోయి జీర్ణాశయాన్ని నోటిగుండా బయటికి తోసేస్తుంది. పడవ మీద చేప పడేసరికి నోట్లో గులాబీ రంగు బుడగ ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది, కళ్లు బయటికి తన్నుకొచ్చి ఉంటాయి. చాలాసార్లు పొట్టలో ఉన్నదంతా దారిలోనే పోయి ఉంటుంది. మొదటి ఏడాది నేను పట్టిన వాటిలో సగానికి పైగా పొట్టలు ఖాళీ. మిగిలిన వాటిలో దొరికింది మాత్రం ఆసక్తిగా ఉంది. చిన్న చేపల ముక్కలు, స్క్విడ్, పీతలు, ఇంకా మాంటిస్ రొయ్యలు. ఈ మాంటిస్ రొయ్యలు రీఫ్ మీద ఉండేవి కావు, చుట్టూ ఉన్న ఇసుక, బురదలో బొరియలు చేసుకుని ఉండేవి. కాంక్రీటు పక్కన పట్టిన చేప పొట్టలో బురద జీవి ఉందంటే, ఆ చేపకి కాంక్రీటు పడకగది, భోజనం బయట అన్నమాట.

పొట్ట చెప్పేది నిన్నటి భోజనం. కొన్ని నెలల భోజనం కావాలంటే కండని అడగాలి. అందుకు వాడేది కార్బన్, నైట్రోజన్ స్థిర ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉండి, కాలంతో మారిపోని పరమాణువులు. బయటినుంచి చూస్తే పెద్ద యంత్రాల పనిలా ఉంటుంది గానీ చేతిపని ఎక్కువ. చేప వీపు కండలోంచి గోరంత ముక్క తీసి, 60 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఆరబెట్టి, కల్వంలో పసుపులా మెత్తగా నూరి, ఆ పొడిలోంచి ఒక మిల్లీగ్రాము లోపు తూచి, పెసరగింజంత తగరం డబ్బీలో వేసి పట్టకారుతో మడిచి మూసేయాలి. ఏసీ గాలి తగిలినా తూకం ఊగుతుంది. అలాంటివి రోజుకి తొంభై చేస్తే మెడ పట్టేస్తుంది. ఆ డబ్బీని యంత్రం కాల్చి, బరువైన కార్బన్ ఎంత, బరువైన నైట్రోజన్ ఎంత అని చెప్తుంది.

అది ఎలా చదవాలంటే, నైట్రోజన్ విలువ, అంటే బరువైన నైట్రోజన్ వంతు, తినేవాడి ఒంట్లో తిన్నదానికంటే సగటున వెయ్యికి 3.4 పెరుగుతుంది. నాచు నుంచి నత్తకి ఒక మెట్టు, నత్త నుంచి పీతకి ఇంకో మెట్టు, అలా. కార్బన్ మెట్టుమెట్టుకీ పెద్దగా మారదు, కాబట్టి అది మొదటి తిండి ఎక్కడ పుట్టిందో చెప్తుంది. నీళ్లలో తేలే సూక్ష్మ మొక్కలు, అంటే వృక్ష ప్లవకాలు, కార్బన్ విలువలో స్థూలంగా మైనస్ 21 దగ్గర (ఒక ప్రమాణ పదార్థం కంటే వెయ్యికి అంత తక్కువ అని) ఉంటే, వెలుతురు పడే అడుగున ఇసుక మీదా రాళ్ల మీదా పెరిగే సూక్ష్మ నాచు మైనస్ 17 దగ్గర ఉంటుంది. చేప కండ ఈ రెండింటిలో ఎటువైపు ఉందో చూస్తే దాని అన్నం నీళ్లలోంచి వచ్చిందా, అడుగునుంచి వచ్చిందా తెలుస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తే, రెండు రకాల రీఫ్‌లకీ తేడా ఎక్కువగా ఈ కిందిమెట్టులోనే ఉంటుంది. పాత సహజ రీఫ్ మీద తిండికి చాలా దారులుంటాయి. రాళ్ల మీద పెరిగే నాచు, దాన్ని గీక్కుతినే నత్తలు, ముళ్ల బంతుల్లాంటి సీ అర్చిన్లు, పగుళ్లలో పేరుకున్న కుళ్లుని తినే పురుగులు, స్పాంజీలు, నీళ్లలోంచి వచ్చే ప్లవకాలు, ఇవన్నీ ఒకదానిలోకి ఒకటి అల్లుకుని ఉంటాయి. ఒక దారి ఒక ఋతువులో ఎండిపోతే ఇంకోటి ఆదుకుంటుంది. కొత్త కృత్రిమ రీఫ్ మీద ఎక్కువగా ఒక్కటే పెద్ద దారి: పారే నీళ్లలోని ప్లవకాలు, వాటిని వడకట్టుకు తినే బార్నకిల్స్, ఆల్చిప్పలు, ఇంకా నీళ్లలోనే నోరు తెరుచుకుని ప్లవకాలని ఏరుకునే చిన్న చేపలు, వాటి మీద పెద్ద చేపలు.

దీనికి చక్కటి నిదర్శనం ఉత్తర సముద్రంలో బెల్జియం గాలిమరల దగ్గర దొరికింది. సముద్రంలో దించిన ఆ స్తంభాల మీద ఆల్చిప్పలు, జాసా అనే చిన్న రొయ్యలాంటి జీవి దట్టంగా పడతాయి. ఈ జాసా మట్టితో గొట్టాలు కట్టుకుని అందులోంచి చేతులు చాపి నీళ్లలో వెళ్లేదాన్ని పట్టుకుంటుంది. చేత్తో గీరితే తడి దుప్పటిలా ఊడివస్తుంది. అక్కడి పౌటింగ్ అనే చేప పొట్టలు కోస్తే ఈ జాసా, చిన్న పింగాణీ పీతలే ఎక్కువ. అంటే ఆ చేపకి ఆ స్తంభం నిజంగానే అన్నం పెడుతోంది. అదే స్తంభం చుట్టూ తిరిగే మాకెరల్ మాత్రం దాని మీది తిండి పెద్దగా ముట్టదు, అది ప్లవకాల చేప, దారిలో వెళ్తూ ఆగిందంతే. ఒకే స్తంభం, రెండు చేపలు, రెండు సమాధానాలు. ఫ్రాన్సులో మార్సెయ్ దగ్గర 2007, 2008లో ప్రాడో అఖాతంలో 27,300 ఘనపు మీటర్ల రీఫ్‌లు దించారు, మధ్యధరాలో అదే అతి పెద్దది. అక్కడ ఐసోటోపులతో చూసినప్పుడు కూడా నీళ్లలోని ప్లవకాల మీద ఆధారపడి వడకట్టుకు తినే జీవులు పెరిగి, వాటి మీద చేపలు పెరిగినట్టు తేలింది. అంటే నిజంగా కొత్త మాంసం తయారైంది. కాబట్టి కృత్రిమ రీఫ్ ఉత్తి మోసం అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను.

అదే మాట ఇంకా గట్టిగా చెప్పే లెక్క కాలిఫోర్నియాది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో అక్కడి చమురు ప్లాట్‌ఫామ్‌ల దగ్గర, సముద్రం అడుగు చదరపు మీటరుకి లెక్కేస్తే, పక్క సహజ రాతి రీఫ్‌ల కంటే 27 రెట్లు ఎక్కువ చేప ఉత్పత్తి అవుతోందని తేలింది. ఇది చూసి చాలామంది పొంగిపోతారు. కాస్త ఆగి చూడండి. ఆ ప్లాట్‌ఫామ్ అడుగు నుంచి పైదాకా వంద మీటర్లకు పైగా నిలబడిన ఇనుప చట్రం కావచ్చు. ఎకరం నేలలో పది అంతస్తులు కడితే ఎకరానికి జనం ఎక్కువే ఉంటారు కదా. ఆ ఎత్తంతా ప్రవాహానికి ఎదురుగా నిలబడి ప్లవకాలని అందుకుంటుంది, పసి రాక్‌ఫిష్‌లు పైనుంచే అక్కడ దిగుతాయి. మీ తీరంలో దించే మనిషెత్తు దిమ్మలకి ఆ అంకె అంటగట్టకూడదు.

ఇక తేడా దెబ్బకొట్టే చోటు. అట్లాంటిక్‌కి సొంతం కాని, విషపు ముళ్లున్న వేట చేప లయన్‌ఫిష్ 2010 నుంచి గల్ఫ్ ఉత్తర భాగంలో కనిపించడం మొదలైంది. మన విశాఖ రాళ్లలో అది సొంతింట్లో ఉంది, దాన్ని అదుపులో పెట్టేవి ఉన్నాయి. అక్కడ లేవు. కృత్రిమ రీఫ్‌ల మీద దాని సంఖ్య సహజ రీఫ్‌ల మీద కంటే ఎన్నో రెట్లు ఎక్కువైంది. ఇసుక మైదానంలో విడిగా ఉన్న చిన్న చిన్న దిమ్మల మీద అవి పోగుబడి, అక్కడ రీఫ్ చేపలు అయిపోయాక చుట్టుపక్కల ఇసుక చేపల మీద పడ్డాయి. దిమ్మ చుట్టూ ఇసుకలో ఏం జరుగుతోందో చూడాలని నేను అనేది ఇందుకే. శాండియాగో దగ్గర 1980ల మొదట్లోనే గమనించారు, కృత్రిమ రీఫ్ పెట్టాక దాని చుట్టూ ఇసుకలో ఉండే సీ పెన్‌లు (ఈకలా నిలబడే మెత్తటి జీవులు) తగ్గిపోయాయి, రీఫ్ మీది చేపలే వాటిని మేసేశాయి. అంటే రీఫ్ పుట్టించే తిండి ఒకవైపు, చుట్టూ నేల నుంచి లాక్కునే తిండి ఇంకోవైపు.

రెడ్ స్నాపర్‌కీ ఇది వర్తిస్తుంది. గల్ఫ్ వాయవ్య భాగంలో షెల్ఫ్ (తీరాన్ని ఆనుకుని లోతు తక్కువగా ఉండే సముద్రపు అడుగు) అంచునున్న సహజ గట్లని, కృత్రిమ చోట్లని పోల్చి చూసినప్పుడు, సహజ గట్ల మీది ఆడ చేపలకి గుడ్లు పెట్టే సత్తువ మెరుగ్గా ఉన్నట్టు కనిపించింది. పైకి చూస్తే రెండు చోట్లా చేపలే, గాలానికి రెండు చోట్లా పడతాయి. కానీ తిన్నది గుడ్డుగా మారేటప్పుడు తేడా బయటపడుతుంది. నా మటుకు నాకు రీఫ్ బాగుందా లేదా అనడానికి చేపల లెక్క కంటే ఈ కొలత ముఖ్యం.

ఇంకో మాట, మీరు ఎక్కడైనా ఇలాంటి పోలిక చదివితే ముందు చూడాల్సింది. సహజ రీఫ్ చాలాచోట్ల లోతులో, దూరంలో ఉంటుంది, కృత్రిమ రీఫ్ పడవలు తేలిగ్గా వెళ్లేలా ఒడ్డుకి దగ్గర్లో వేస్తారు. గల్ఫ్‌లో మిసిసిపీ నది పొలాల ఎరువుల నీళ్లు తెచ్చి కలపడం వల్ల ఒడ్డు దగ్గరి ప్లవకాల్లోనే నైట్రోజన్ విలువ ఎక్కువగా ఉంటుంది. ఒక చేపలో విలువ 12.8 అనుకోండి. అక్కడి ఆల్చిప్పలో 6 ఉంటే ఆ చేప ఆల్చిప్పకి రెండు మెట్లు పైన. అదే ఆల్చిప్పలో 9 ఉంటే ఒక మెట్టుకి కాస్త పైన అంతే. ఆల్చిప్పని కొలవకుండా రెండు చోట్ల చేపల్ని మాత్రమే పోలిస్తే, రీఫ్ తేడా అనుకున్నది నిజానికి నది తేడా అవుతుంది. నేను మొదటి సీజన్‌లో ఈ ఆధార నమూనాలు సరిపడా తీయక ఒక ఏడాది పనిని పక్కన పెట్టేశాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వయసు కూడా చూడాలి, అయితే వయసొక్కటే సరిపోదు. ఎర్రసముద్రంలో వందేళ్లు దాటిన ఓడ శిథిలాలని పక్క పగడపు రీఫ్‌లతో పోల్చారు. అంత కాలం తర్వాత కూడా, ఆకారం సహజ రీఫ్‌లా ఉన్న చోట మాత్రమే జీవులు దగ్గర పోలికకి వచ్చాయి. నిలువు ఇనుప గోడ ఎన్నేళ్లు ఉన్నా వాలు రాయి కాలేదు. దేనితో కట్టామన్నదీ ముఖ్యమే. పసిఫిక్‌లో పామైరా అటోల్ (ఉంగరంలా ఏర్పడిన పగడపు దీవి) మీద 1991లో ఒక చేపల ఓడ మునిగితే, దాని చుట్టూ పగడాన్ని కప్పేసే రోడాక్టిస్ అనే జీవి విపరీతంగా పాకిపోయింది. ఆ ప్రాంతం నీళ్లలో ఇనుము చాలా తక్కువ, ఓడ తుప్పు ఆ కొరత తీర్చిందని బలమైన అనుమానం. ఫ్లోరిడాలో 1972 ప్రాంతంలో ఇరవై లక్షల దాకా పాత టైర్లు కట్టలు కట్టి రీఫ్ అని దించితే, కట్లు తెగి ఆ టైర్లు తుఫాన్లలో దొర్లి పక్కనున్న సహజ రీఫ్‌నే దెబ్బతీశాయి. వాటి మీద ఏమీ సరిగా పట్టలేదు కూడా.

మన దగ్గర ఇప్పుడు 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సాంకేతిక సాయంతో తీర రాష్ట్రాల్లో వేస్తున్నవి కాంక్రీటు దిమ్మలు, అది మంచిదే. వాటి వల్ల ఇంకో మేలుంది, ఆహార జాలకంతో నేరుగా ముడిపడిన మేలు: దిమ్మలున్న చోట ట్రాల్ వల లాగలేరు, వల చిరిగిపోతుంది. ఏటేటా దున్నినట్టు గీకేసే అడుగు నేల ఊపిరి పీల్చుకుంటుంది, అందులోని పీతలు, పురుగులు, మాంటిస్ రొయ్యలు తిరిగి పెరుగుతాయి. నా అభిప్రాయంలో మన తూర్పు తీరంలో దిమ్మల అసలు లాభం వాటి మీద పెరిగేదాని కంటే వాటి చుట్టూ కాపాడబడే నేలలోనే ఎక్కువ ఉండొచ్చు. అందుకే దిమ్మల మధ్య చోటు వదలాలి, అన్నీ కుప్పగా పోస్తే చుట్టూ మేత నేల చాలదు. మరి దిమ్మల మీదే అందరూ వెళ్లి గాలాలు వేస్తే, చుట్టుపక్కల నుంచి వచ్చి చేరిన చేపని ఒక్కచోట ఊడ్చేసినట్టే అవుతుంది. మీ సంఘంలో దీని గురించి ఇప్పుడే మాట్లాడుకోండి, చేప తగ్గాక మాట్లాడుకుంటే ఎవరూ వినరు.

మీ పాత రాళ్ల చోటుతో నిజంగా పోల్చాలని ఉంటే, చేయగలిగింది ఇది. దగ్గర్లోని విశ్వవిద్యాలయం సముద్ర జీవశాస్త్ర విభాగంతో మాట్లాడండి, చాలామంది విద్యార్థులు ఇలాంటి పని కోసం వెతుకుతుంటారు, పడవ దొరకడమే వాళ్లకి కష్టం. రెండు చోట్లా ఒకే జాతి చేపలు, ఒకే సైజువి, చోటుకి పదైనా తీసుకోండి, ఎందుకంటే పెద్ద చేప, చిన్న చేప ఎలాగూ వేరు మెట్లలో ఉంటాయి. రెండు చోట్లా ఆల్చిప్పలు తీయండి, అవి నీళ్లకి ఆధారం. రెండు చోట్లా రాయిని గీకి తినే నత్తలు తీయండి, అవి నాచుకి ఆధారం. దిమ్మ నుంచి వంద అడుగుల దూరంలో ఇసుకలోంచి పీతలో, పురుగులో కొన్ని తీయండి. నది వరద నీళ్లు కలిసే కాలంలో ఒకసారి, నీళ్లు తేటపడ్డాక ఎండాకాలం ముందు ఇంకోసారి తీస్తే ఆధారం ఎలా మారుతోందో తెలుస్తుంది. కండ మారడానికి నెలలు పడుతుంది కాబట్టి వారం వారం తీయాల్సిన పని లేదు.

తీసినవాటిని ఐసులో పెట్టి ఒడ్డుకి తెచ్చి, వెంటనే ఫ్రీజర్‌లో పెట్టండి. కాలేజీ ల్యాబుల్లో అలవాటుగా ఫార్మలిన్ సీసాలో వేసేస్తారు, అలా వేయొద్దని ముందే చెప్పండి, దాంతో కార్బన్ విలువ మారిపోతుంది. పెంకు ఉన్న జీవుల్లో పెంకు తీసేసి కండ మాత్రమే ఉంచండి, పెంకులోని సున్నం కూడా కార్బన్ లెక్కలో కలిసిపోతుంది. చిన్నవాటికి పెంకు తీయలేకపోతే నమూనాని రెండు భాగాలు చేసి, ఒకదాన్ని ఆమ్లంతో కడిగి కార్బన్‌కి వాడమనండి, కడగనిది నైట్రోజన్‌కి. ప్రతి సంచిలోనూ పెన్సిల్‌తో రాసిన చీటీ పెట్టండి, ఏ చోటు, ఎంత లోతు, ఏ తేదీ అని, పెన్ను సిరా అయితే ఉప్పునీళ్లలో కరిగిపోతుంది.